తాడు పట్టినవాడి వాటా

మా థియోఫిల్ ముసలాడికి రెండే పళ్లు మిగిలినా, శంఖం ఊదితే కొండ అవతలికి వినిపిస్తుంది. వల నిండిందంటే ఊదుతాడు. ఊరంతా వచ్చి తాడు లాగాలి. లాగిన ప్రతివాడికీ చేపల్లో వాటా. ఇప్పుడు సగం ఊరు బీచి హోటల్లో పళ్లేలు మోస్తోంది. మొన్న పొద్దున వల నిండింది, లాగడానికి ముగ్గురే ఉన్నారు. తాడు జారిపోతుంటే థియోఫిల్ శంఖం ఎత్తాడు. హోటలు కాపలావాడు అల్సిడ్, మా ఊరివాడే, పరిగెత్తుకొచ్చాడు.

“ఊదకు మామా! హోటల్లో పడుకున్న దొరలు లేచారంటే నా ఉద్యోగం ఊడుతుంది.”

“ఈ శంఖం విని మీ అమ్మ తెచ్చిన చేపలు తినేరా నీకా కండలొచ్చింది! ఊదొద్దంటే నువ్వే తాడు పట్టు.”

మేడ మీంచి మేనేజరు చూస్తున్నాడు. అల్సిడ్ అటొకసారి చూసి, తాడు పట్టాడు. వల ఒడ్డెక్కింది.

థియోఫిల్ అన్నిటికన్నా పెద్ద చేపను అతని టోపీలో వేశాడు. “నీ వాటా. రేపూ రా, ఎలాగూ ఖాళీయేగా.”