ఎదురు కొట్టులో వైఫై

కె.ఆర్.పురం స్టేషన్ దగ్గర హేమలత పన్నెండేళ్లుగా జిరాక్స్ కొట్టు నడుపుతోంది. ఎదురుగా సమీనా కొట్టు తెరిచిన నెలలోనే గిరాకీ అటు మళ్లింది. సమీనా దగ్గర ఉన్నది ఒక్క పాత కంప్యూటరే. కానీ ఎవరి ఆధార్ ఫైలు చిన్నది చేయాలన్నా, ముందు నెట్‌లో ఒక పేజీ తెరిచి, వాళ్ల కళ్ల ముందే వైఫై ఆపేసి, ఆ తర్వాతే ఫైలు పెట్టి పని పూర్తిచేసి, "చూడక్కా, నీ కాగితం ఈ కంప్యూటరు దాటి పోదు" అనేది.

"అన్నీ నాటకాలు," అని హేమలత పళ్లు నూరేది. ఈ వీధిలో తనకంటే నమ్మకస్తురాలు ఇంకొకతె ఉండటమా!

సోమవారం ఓబులమ్మ వచ్చింది. కూలిపనికి పోయే ఆమె మొదటినుంచీ హేమలత దగ్గరికే వస్తుంది. ఆసుపత్రి వెబ్‌సైటులో పెట్టడానికి తన ఫోనులో ఉన్న గర్భసంచి స్కానింగ్ రిపోర్టు చిన్నది చేయాలి.

"ఎవురికీ తెలీకూడదు తల్లీ."

"నాకు చెప్పాలా?" అంటూ హేమలత ఫోను అందుకుని, కంప్యూటర్లో రోజూ వాడే పేజీ తెరిచి, సమీనా లాగే దర్జాగా వైఫై ఆపేసి, ఆ తర్వాత ఫైలు పెట్టింది. తెరమీద గుండ్రం తిరుగుతూనే ఉంది. ఆ పేజీ ఫైలును ఎక్కడికో పంపితే గాని పని చేయదని ఆమెకు అప్పుడే తెలిసింది.

"ఎదురు కొట్టు పాపకు నెట్ లేకున్నా అయితాది గదా," అంది ఓబులమ్మ. "అయితే ఇన్నాళ్లూ నా కాగితాలు యాడికి పోయినాయి, హేమా?"

హేమలత ఫోను ఓబులమ్మకు తిరిగిచ్చేసింది. రోడ్డు దాటి, మొదటిసారి సమీనా కొట్టు మెట్టెక్కింది.

"ఆ పేజీ పేరేందో చెప్పు," అంది, ముఖం పక్కకు తిప్పుకుని.