అమ్మ ఎక్కని రైలు

మా అమ్మది ఒరిస్సా. కటక్‌లో డాక్టరు చదివింది. నాన్నది పొన్నూరు దగ్గర పల్లె. బ్యాంకు ఉద్యోగం మీద బరంపురంలో ఉన్నప్పుడు ఆయనకి టైఫాయిడ్ వస్తే వైద్యం చేసింది అమ్మే. పెళ్ళయ్యాక ఆయనకి దర్శికి బదిలీ అయింది. కొన్నేళ్ళకి నాన్నని మళ్ళీ వేరే ఊరికి వేశారు గానీ మేం దర్శి వదల్లేదు. అప్పటికే అమ్మ అద్దె ఇంటి ముందు గదుల్లో ఆరు మంచాలు వేసి ఆసుపత్రి నడుపుతోంది. నాన్నే రోజూ బస్సెక్కి ఉద్యోగానికి వెళ్ళొచ్చేవాడు.

వాళ్ళ భాషలో ఆడా మగా తేడా క్రియలో కనపడదట. అందుకని నా చిన్నప్పుడు అమ్మ "నిన్న మీ ఆయన మాత్రలు తీసుకెళ్ళింది కదా, వేసుకుందా?" అని అడిగేది. మొదట్లో జనం నవ్వేవాళ్ళు. నాకు సిగ్గుగా ఉండేది. ళ, ణ మాత్రం మాకంటే స్పష్టంగా పలికేది.

అమ్మకి తల్లి చిన్నప్పుడే పోయింది. పెంచిందీ, పట్టుబట్టి చదివించిందీ అక్క. మాకు పెదమ్మ. సముద్రానికి నాలుగు మైళ్ళ దూరంలో వాళ్ళ ఊరు. పెదనాన్నకి తమలపాకు తోట ఉండేది.

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడాది అక్టోబరు చివర వాళ్ళ వైపు పెద్ద తుఫాను వచ్చింది. ఆ సాయంత్రం టీవీలో మ్యాపు చూపిస్తుంటే అమ్మ లేచి వెళ్ళి తెర మీద వేలు పెట్టి "ఇక్కడే" అంది. నాన్న కాలేజీలో ఉన్నప్పుడు, ఉప్పెన వచ్చిన వారానికి దివిసీమ వెళ్ళి చూసినవాడు. ఏం చూశాడో మాకెప్పుడూ చెప్పలేదు. ఆ రోజు అమ్మకి ధైర్యం చెప్పకుండా ఊరుకున్నాడని నేను గమనించాను. దాంతో నాకు భయం పట్టుకుంది.

పెదమ్మ వాళ్ళ ఊళ్ళో ఫోను లేదు. పక్క ఊరి కిరాణా కొట్టుకి చేస్తే పిలిచేవాళ్ళు. అమ్మ ఒక్కో పేషెంటుని చూసి పంపించి, మళ్ళీ ఆ నంబరు తిప్పేది. అవతల మోగేది కాదు, ఎంగేజ్ అని కూడా వచ్చేది కాదు. ఉత్త నిశ్శబ్దం. రిసీవరు పెట్టేసి "తర్వాత ఎవరు?" అనేది.

సరిగ్గా అవి పత్తికి మందు కొట్టే రోజులు. పురుగు ఏ మందుకీ లొంగట్లేదని రైతులు రెండు మూడు రకాలు కలిపి కొట్టేవాళ్ళు. గాలికి ఎదురు నిలబడి, లుంగీ బనీనుతో, మూతికి గుడ్డైనా కట్టుకోకుండా. వారానికి ఇద్దరు ముగ్గురు కళ్ళు తిరిగి పడి మా ఇంటికి వచ్చేవాళ్ళు. ఇల్లంతా ఆ మందు వాసనే.

ఐదో రోజుకి వైజాగ్ దాకా రైళ్ళున్నాయని తెలిసింది. అక్కడినించి ఏది దొరికితే అది పట్టుకుని వెళ్దామని అమ్మా నాన్నా అనుకున్నారు. నన్ను నర్సమ్మ దగ్గర ఉండమన్నారు. అమ్మ ఒక పెద్ద సంచిలో ఓఆర్ఎస్ పొట్లాలు, నీళ్ళలో వేసే క్లోరిన్ బిళ్ళలు, దూది, పాత చీరలు కుక్కింది. మధ్యాహ్నం రెండింటికి ఒంగోలు బస్సు. ఆటో గేటు ముందు ఆగి ఉంది.

ఆటో వెనకే ట్రాక్టరు వచ్చింది. తొట్లో గోనెపట్టా మీద ముప్పై ఏళ్ళ మనిషి. నోట్లోంచి నురగ కారుతోంది. పక్కన అతని భార్య, చంకలో పాప.

"డాక్టరమ్మా! పొద్దుటినించీ మందు కొడతా ఉన్నాడమ్మా. పడిపోయాడు!"

అమ్మ సంచి గుమ్మంలో పెట్టి తొట్టెక్కింది. అతని కనురెప్ప ఎత్తి చూసింది. కంటిపాప సూదిమొనంత ఉంది.

"లోపలికి తీసుకురండి. ఆ బట్టలన్నీ కోసెయ్యండి. సబ్బు, నీళ్ళు!"

నాన్న గడియారం చూసుకున్నాడు. "ఒంగోలు పంపించేద్దాం. మనం ఎక్కే బస్సులోనే..."

"దారిలో పోతాడు. ఊపిరితిత్తుల నిండా నీళ్ళే."

"గవర్నమెంటు డాక్టరు..."

"సెలవులో ఉన్నాడు. మీకూ తెలుసు కదండీ."

నర్సమ్మా, ట్రాక్టరు తోలుకొచ్చిన అతని తమ్ముడూ ఒళ్ళంతా కడుగుతుంటే అమ్మ ఇంజెక్షను ఇచ్చింది. ఐదు నిమిషాలు ఆగి ఇంకోటి. మళ్ళీ ఇంకోటి. ప్రతిసారీ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి వినేది. నేను వాకిట్లో నిలబడి రోడ్డు చూస్తున్నాను. రెండు గంటల బస్సు హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. నాన్న ఆటో పంపించేశాడు.

నాలుగు దాటాక నురగ ఆగి అతని నోరు ఆరింది. గండం గడిచిందనుకున్నాం. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఇలాంటి వాళ్ళకి రెండో రోజో మూడో రోజో ఉన్నట్టుండి ఊపిరి ఆగొచ్చనీ, ఇంజెక్షన్లు తగ్గిస్తూ కనిపెట్టుకుని ఉండాలనీ చెప్పింది.

"మీరు వెళ్ళండి," అంది నాన్నతో. "మీకు భాష వచ్చు. అక్క మిమ్మల్ని గుర్తుపడుతుంది."

నాన్న గుమ్మంలో ఉన్న సంచి భుజాన వేసుకుని వెళ్ళాడు. అప్పుడు నాకు తిక్క రేగింది.

"పెదమ్మ కన్నా వీళ్ళే ఎక్కువా నీకు?"

"కాదు," అంది. అంతే. నన్ను తిట్టినా బాగుండేది.

ఇంజెక్షన్ల ప్రభావానికి అతను గాల్లో ఏవో ఏరుతూ, దుప్పటి పీకుతూ, లేని ఎద్దుల్ని అదిలిస్తూ గడిపాడు. భార్య ఏడుస్తుంటే అమ్మ "ఇది ఇంజెక్షన్ల వల్లే. తగ్గిపోతుంది" అని పది సార్లు చెప్పింది. అతని మెడ కింద చెయ్యి పెట్టి "తల ఎత్తు" అని గంటకోసారి చూసేది. ఊపిరి ఆగేముందు మెడలో బలం పోతుందట. మధ్యలో ఫోను దగ్గరికెళ్ళి నంబరు తిప్పేది. ఇప్పుడు నాన్న కబురు కూడా లేదు. ఫోను మోగినప్పుడల్లా నేనే ముందు పరిగెత్తి ఎత్తేదాన్ని. ఎవరో చీటీపాట గురించో, కరెంటు గురించో మాట్లాడేవాళ్ళు.

నాన్న వెళ్ళిన ఆరో రోజు పొద్దున ఫోను చేశాడు. అమ్మ నిలబడి విన్నది, "ఊఁ... ఊఁ..." అంటూ. పెట్టేసి కుర్చీలో కూర్చుంది. పెదమ్మ బడి డాబా ఎక్కి బతికింది. పెదనాన్న పశువుల కట్లు విప్పుదామని వెనక్కి వెళ్ళి తిరిగి రాలేదు.

రైతు అప్పటికి లేచి కూర్చుని గంజి తాగుతున్నాడు. అమ్మ అతని నాడి చూసి, ఇంటికి వెళ్ళొచ్చని చెప్పి, ఈ ఏడాది ఇంక పొలంలో మందు జోలికి వెళ్ళొద్దని ఒట్టేయించుకుంది. తర్వాత లోపలికి వచ్చి తలుపేసుకుంది.

నాన్న పెదమ్మని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ మాతో నాలుగు నెలలుంది. అక్కచెల్లెళ్ళిద్దరూ వాళ్ళ భాషలో మాట్లాడుకునేవాళ్ళు. నాకు సగం అర్థమయ్యేది. అడగాల్సిన మాట పెదమ్మ ఎప్పుడు అడుగుతుందా అని నేను బిక్కుబిక్కుమంటూ ఉండేదాన్ని. అమ్మ కూడా అలాగే ఉండేదనుకుంటా. అక్క ఎదురుగా కూర్చుంటే ఆమె చేతులు ఖాళీగా ఉండేవి కావు.

మిరపకోతల రోజుల్లో ఓ మధ్యాహ్నం, ఇద్దరూ ఎండు మిరపకాయలకి తొడిమలు తీస్తున్నారు. పెదమ్మ తలెత్తకుండానే అడిగింది.

"నువ్వెందుకు రాలేదు?"

అమ్మ చెయ్యి ఆగింది. "బయల్దేరాను. ఒక మనిషి చావుబతుకుల్లో వచ్చాడు."

"బతికాడా?"

"బతికాడు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నీకు ఎలా చెప్పను?"

పెదమ్మ ఇంకో నాలుగు కాయలు తీసింది. "అతన్ని ఒకసారి చూపించు," అంది.

ఆ ఆదివారం ముగ్గురం బస్సెక్కి ఆ రైతు వాళ్ళ ఊరు వెళ్ళాం. రైతు మిరపకల్లంలో కాయలు ఎండబోస్తున్నాడు. అమ్మని చూసి గబగబా తువ్వాలు నడుముకి చుట్టుకున్నాడు. అతని భార్య మంచం వాల్చి మజ్జిగ తెచ్చింది. ఈవిడ ఎవరని వాళ్ళు అడగలేదు, మేమూ చెప్పలేదు. అతను మాట్లాడుతున్నంతసేపూ పెదమ్మ అతన్నే చూస్తూ కూర్చుంది. పాప దగ్గరికొస్తే ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని, ఆవిడ ఏడుస్తుందేమో, ఏమన్నా అంటుందేమో అని చూస్తున్నాను. ఆవిడ పాప జుట్టు సవరించింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని పెదమ్మ అంది.

"బక్కగా ఉన్నాడు. సరిగ్గా తినమని చెప్పొచ్చు కదా."

"చెప్తాను అపా," అంది అమ్మ. అపా అంటే అక్క.

ఎండలు ముదిరాక పెదమ్మ తోట మళ్ళీ వేసుకుంటానని వెళ్ళిపోయింది. అమ్మ ఆసుపత్రికి పది రోజులు తాళం వేసి, దింపి రావడానికి తనూ వెళ్ళింది.