ముప్పై కలుపుతూ పోతే

కోసిగి బడికి లెక్కల టీచరుగా వచ్చిన కొత్తలో ఒకరోజు హాజరు పిలుస్తుంటే సగం క్లాసు పలకలేదు. "సుగ్గికి పోయినారు మేడం" అన్నారు మిగిలినవాళ్లు. నాది రాజంపేట. సుగ్గి అంటే ఏదో ఊరనుకుని, "అది ఏ మండలం?" అని అడిగాను. పిల్లలు పడీపడీ నవ్వారు. వానల్లేక ఇళ్లకు తాళాలేసి గుంటూరు వైపు మిరప కోతలకు వలసపోవడాన్ని ఇక్కడ సుగ్గి అంటారని ఆ రోజే తెలిసింది.

అప్పుడు నవ్విన ఒక పిల్ల ఈ ఏడు పదో తరగతికి వచ్చింది. అంకశ్రేఢి పాఠంలో, అన్నీ ప్రధాన సంఖ్యలే ఉండే శ్రేఢి ఒకటి కట్టుకు రమ్మన్నాను. తక్కినవాళ్లు మూడు, ఐదు, ఏడు దగ్గర ఆగిపోయారు. తను మాత్రం ఏడుకి ముప్పై చొప్పున కలుపుతూ పోయింది. ముప్పై ఏడు, అరవై ఏడు, తొంభై ఏడు, నూట ఇరవై ఏడు, నూట యాభై ఏడు. నూట ఎనభై ఏడు దగ్గర మొహం వేలాడేసింది.

"ఇది పదకొండో ఎక్కంలో పోతాది మేడం. వరుస తెగిపాయ."

"ఇంకా పొడుగు వరుసలూ ఉన్నాయి. కానీ ఎంత పొడుగైనా ఎక్కడో ఒకచోట తెగక తప్పదు" అన్నాను.

తను నూట ఎనభై ఏడును పెన్నుతో కొట్టేసింది. "మా అవ్వ సుగ్గికి పోయె. మాయమ్మ పోయె. మాయక్క బడి ఇడ్సిపెట్టి పోయె. మాది గూడా యాడో ఒకచోట తెగల్ల గదా మేడం?"

"నీ దగ్గరే తెగుతుంది" అన్నాను. గట్టిగానే అన్నాను.

పరీక్షలకు నెల ముందు తను రావడం మానేసింది. స్టాఫ్‌రూంలో ఒకాయన "వీళ్లింతేలెండి" అన్నాడు. ఒళ్లు మండి, తాగుతున్న టీ అక్కడే వదిలేసి వాళ్ల వీధికి పోయాను. మినీ లారీలోకి మూటలు ఎక్కిస్తున్నారు. వాళ్ల నాయన మీద అరిచాను.

"ఏమప్పా, ఒక్క నెల ఆగలేవా?"

ఆయన కోప్పడలేదు. "పెద్దపాప కానుపుకొచ్చింది మేడం. ఒక మనిషి తక్కువైతే కూలీల మేస్త్రీ మమ్మల్ని తీస్కపోడు. ఈ పాప రాకుంటే ఎట్ల?"

నాకు ఏడుపొచ్చింది. తను అప్పటికే మూటల మీద కూర్చుని ఉంది. నేను తలెత్తలేకపోతుంటే, నన్నే ఓదారుస్తున్నట్టు అంది.

"ఇంగా తెగల్యా మేడం. ఇంగొకటి కలిసింది, అంతే."