పోలీస్ పటేల్ రిజిస్టరు

క్యాంపులో నన్ను అందరూ పోలీస్ పటేల్ అనేవాళ్ళు. నిజాం కాలంలో మా ఊళ్ళలో దొంగల్నీ తగాదాల్నీ చూసుకున్న ఆ ఉద్యోగం ఎప్పుడో పోయింది, పేరు మాత్రం నా కోసం ఖతార్ దాకా వచ్చింది. నిజానికి నేను సెక్యూరిటీ గార్డును. నీలం చొక్కా, టార్చి, చేతిలో ఒక ప్లాస్టిక్ పైపు ముక్క, అదీ నా దర్జా. జగిత్యాల వైపు కొన్నాళ్ళు హోంగార్డుగా చేశానని చెప్పేసరికి కంపెనీ వాళ్ళకు నాలో పెద్ద పోలీసు కనిపించాడు. నేనూ కాదనలేదు.

ఫుట్‌బాల్ వరల్డ్ కప్పు కోసం దేశమంతా తవ్వి పోస్తున్న రోజులవి. మా క్యాంపు ఇండస్ట్రియల్ ఏరియా అవతల, స్టేడియం సైటుకు బస్సులో గంట దూరం. నా బ్లాకులో సగానికి పైగా మనవాళ్ళే. ఇనుప రాడ్లు కట్టేవాళ్ళు, సెంట్రింగ్ వడ్రంగులు. నా ముఖ్యమైన డ్యూటీ ఒక్కటే: గదుల్లో ఎవరూ వండుకోకుండా చూడటం. ప్రతి శుక్రవారం పొద్దున తనిఖీ చేసి, దొరికిన కరెంటు పొయ్యిని పట్టుకుని, గది నంబరుతో రిజిస్టరులో రాయాలి. రాస్తే ఆ మనిషికి వార్నింగ్ లెటర్ వస్తుంది. మూడు లెటర్లయితే ఇంటికి టికెట్టే. రూలు తప్పని అనను. ఒకసారి పరుపు అంటుకుంటే బకెట్టు నీళ్ళు పోసి ఆర్పింది నేనే. కానీ మా మెస్సు పప్పుకు పసుపు రంగు తప్ప ఇంకే గుణమూ లేదు. మనవాళ్ళు వండుకోక ఏం చేస్తారు?

అందుకని నా పద్ధతి నేను పెట్టుకున్నాను. పైకి ఎక్కే ముందు మెట్ల రెయిలింగు మీద పైపుతో మూడు దెబ్బలు వేసేవాణ్ణి. నేను మొదటి గది చేరేలోగా పొయ్యిలన్నీ బకెట్ల కిందికి, మంచాల కిందికి పోయేవి. అప్పటికీ తొమ్మిదో పదో దొరికేవి. వాటిని గార్డు గదిలో పెట్టి, ఆదివారం ఒక్కొక్కణ్ణీ పిలిచి, నాలుగు చీవాట్లు పెట్టి తిరిగిచ్చేసేవాణ్ణి. ఊళ్ళో చేలో పడ్డ పశువుల్ని కట్టేసినట్టు ఉందని నా గదికి బందెలదొడ్డి అని పేరు పెట్టారు. రిజిస్టరులో 'దొరికినవి' అన్నచోట మాత్రం ఏడాది పొడుగునా 'నిల్' అనే రాశాను. ఎవరి కడుపూ కొట్టలేదు, నా ఉద్యోగమూ పోలేదు. ఇంత తెలివైనవాణ్ణి హోంగార్డుగానే ఉంచారే అని మా ప్రభుత్వం మీద జాలి కూడా పడ్డాను.

అందరికంటే ఎక్కువసార్లు దొరికింది మేమంతా కాక అని పిలిచే పెద్దాయన. గోదావరి ఒడ్డు ఊరు, యాభై దాటిన మనిషి, రాడ్లు కట్టడంలో ఆయన చేయి తిరిగినట్టు ఇంకెవరిదీ తిరగదు. ఇనుము చప్పుళ్ళకు చెవులు మందగించి నా మూడు దెబ్బలు ఆయనకు వినపడేవి కావు. పైగా సుగర్. అన్నం మానమని డాక్టరు చెప్పాడు, మెస్సులో అన్నం తప్ప మరొకటి లేదు. దోహాలో మన్సూరా బజారుకు వెళ్ళే బస్సెక్కి జొన్నపిండి తెచ్చుకుని, బోర్లించిన పళ్ళెం మీద రొట్టె తట్టుకునేవాడు. దొంగచాటుగా అది వారానికి రెండు మూడు పూటలే కుదిరేది, మిగతా పూటలు మెస్సు అన్నమే. ఆర్నెల్లకోసారి జరిగే కంపెనీ టెస్టులో సుగర్ దిగకపోతే అన్‌ఫిట్ అని రాసి పంపించేస్తారు.

"ఇంటికి వోవుడు ఎట్లనన్న తప్పది బిడ్డా," అన్నాడు ఒకసారి, నేను పొయ్యి తీసుకెళ్తుంటే. "గా స్టేడియం కంబాలల్ల రాడ్లు నేను కట్టిన. దాని మీద పైకప్పు వడంగ సూసి వోత. గంతే."

నేను చీవాట్లు మింగేసి పొయ్యి అక్కడే పెట్టి వచ్చాను.

ఆ ఎండాకాలంలో కంపెనీ నోటీసు అంటించింది. కార్మికుల కమిటీ పెడతారట, బ్లాకుకొక మెంబరు, ఓట్లు వేసి ఎన్నుకోవాలట. మా బ్లాకు నుంచి ఇంగ్లీషు బాగా వచ్చిన క్రేన్ ఆపరేటర్ నిలబడ్డాడు. మనవాళ్ళు నన్ను నిలబెట్టారు. కాకే గది గదికీ తిరిగాడు. "మన దొంగతనాలన్ని గీనకే ఎరుక. ఇన్నొద్దులు కడుపుల దాసుకున్నోడు, లోపట కూసుంటె ఊకుంటడా?" అదీ ఆయన ప్రచారం.

ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ నవ్వు ఆపలేదు. ఆవిడకు గల్ఫంతా దుబాయే. "దుబాయ్‌ల గూడ ఓట్లుంటయా? ఊళ్ళె వార్డు మెంబరుకు నిలవడి ఓడిపోయినోనివి, గాడ గెలుస్తవా?"

గెలిచాను. ఫొటోల పక్కన టిక్కు పెట్టే ఓటు కాబట్టి నా మీసం పనిచేసిందని ఇప్పటికీ నమ్ముతాను. ఆ రాత్రి నాకు మెడ కొంచెం వంగడం మానేసింది.

మొదటి మీటింగులోనే బ్లాకుకొక కిచెన్ కావాలని అడిగాను. ఖాళీగా ఉన్న పాత లాండ్రీ గది చూపించాను. క్యాంపు మేనేజరు ఈజిప్టు మనిషి, మర్యాదస్తుడు. శ్రద్ధగా విని, బీరువాలోంచి ఒక రిజిస్టరు తీయించాడు. నా రిజిస్టరే. పేజీలు తిప్పుతూ నా చేతిరాత నాకే చదివి వినిపించాడు.

"నిల్. నిల్. నిల్. హీటర్ మాఫీ. ఏడాదిలో ఒక్కరూ వండలేదు. మరి కిచెన్ ఎవరికి?" మాఫీ అంటే అరబ్బీలో లేదని.

పక్కనున్న మలయాళీ సేఫ్టీ ఆఫీసరు నావైపు చూశాడు. ఏడాదిగా నేను చేసిన దయంతా ఆ పుస్తకంలో నాకే అడ్డం తిరిగి కూర్చుంది. కాక టెస్టుకు ఇంకా రెండు నెలలే ఉంది. ఒక వారం గడువు అడిగి బయటపడ్డాను.

నిజం చెబితే నా నీలం చొక్కా పోతుంది, ఇంటికే పంపినా పంపొచ్చు. చెప్పకపోతే కాకను పంపిస్తారు. శుక్రవారం తనిఖీలో దొరికిన తొమ్మిది పొయ్యిల్ని ఈసారి ఆదివారం తిరిగివ్వలేదు. కూర్చుని వాటి మీద గది నంబర్లున్న టేపులన్నీ గోటితో గీకేశాను. తర్వాత తోపుడు బండిలో వేసుకుని మీటింగు గదిలోకే తోసుకుపోయాను.

"ఇవి ఒక్క వారానివి సార్," అన్నాను నాకొచ్చిన హిందీలో. "ప్రతి వారం ఇన్ని దొరికాయి. రిజిస్టరు అబద్ధం. రాసింది నేను, వాళ్ళు కాదు. ఎవరివని మాత్రం అడగొద్దు."

మేనేజరు ఒక పొయ్యిని తిరగేసి నంబరు కోసం వెతికాడు. ముందు మాట్లాడింది సేఫ్టీ ఆఫీసరు. ఇన్ని పొయ్యిలు గదుల్లో ఉండేకంటే ఒక్క కిచెన్ ఉండటమే మేలని ఆయన అన్నాడు. మంచి మనిషి, ఆయన గురించి ఏడాదిగా నేను అనుకున్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది. గార్డు డ్యూటీ తీసేసి స్టోరులో సామాను మోయడానికి వేశారు. కమిటీ మెంబరుగా మాత్రం తీసేయలేకపోయారు, అది వాళ్ళు ఇచ్చింది కాదు మరి. నెల తిరిగేలోగా లాండ్రీ గదిలో ఆరు గ్యాసు పొయ్యిలు, గోడకు మంటలార్పే సిలిండర్లు వచ్చాయి. తర్వాతి మీటింగులో ఇంకో రూలు కూడా చేయించాను: కిచెన్ లేని బ్లాకులో పొయ్యి దొరికితే రిజిస్టరులో రాయాలి గానీ లెటర్ ఇవ్వకూడదు, కిచెన్ వచ్చిన బ్లాకులో దొరికితే మాత్రం లెటరే. ఆ కాగితం కింద సంతకం పెట్టినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

కాక టెస్టు అయింది. కాగితం పట్టుకుని స్టోరుకే వచ్చాడు. చదువు రాదు కాబట్టి నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. ఫిట్. చలికాలంలో పైకప్పు ముక్కల్ని క్రేన్లు పైకి లేపుతుంటే సైటులో నిలబడి చూశాడు, ఆ సాయంత్రం మా అందరికీ రొట్టెలు చేశాడు. ఇంటికి పోయే ముందు తన పాత కరెంటు పొయ్యి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నీ బందెలదొడ్డిదే గదా పటేలా. ఉంచుకో."

మంచం కింద పెట్టుకున్నాను. కొన్ని వారాలకు, ఒక శుక్రవారం పొద్దున, మెట్ల రెయిలింగు మీద మూడు దెబ్బలు వినపడ్డాయి. నా తర్వాత వచ్చిన గార్డు కడప మనిషి, ఆ పద్ధతి నేర్పింది నేనే. దాచడానికి బోలెడు వ్యవధి ఉంది. నేను లేవలేదు. అతను వంగి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఏంన్నా ఇది? నువ్వే ఇట్ల జేస్తే ఎట్ల? పోనీలే, నిల్ అని రాస్తాలే."

"వద్దు తమ్మీ," అన్నాను. "గా నిల్ తోనే ఒక పెద్దమనిషి రొట్టె వోతుండె. ఉన్నది రాయి."

అతను అయిష్టంగా పెన్ను తీశాడు. దొరికినవి: ఒకటి. నేను చేయించిన రూలుకు మొదట దొరికింది నేనే. రెండో లెటరు కింద సంతకం చేసి, టీ తాగడానికి కిచెన్‌కు వెళ్ళాను.