బావ ప్యాంటు లోపలి కుట్లు

మా బావ దర్జీ. మనిషిని చూసి నడుము కొలత చెప్పేస్తాడు. టేపు వేసి చూస్తే అర అంగుళం కూడా తేడా రాదు. ఆయన కొట్లో కాజాలు కుట్టేది నేను.

ఆమధ్య ఆయన సూదిలోకి దారం ఎక్కించలేక తిప్పలు పడ్డాడు. కళ్ళద్దాలు మార్చినా మసకే. బెజ్జం కనిపించని దర్జీ ఏం చేసుకు బతుకుతాడు? మా అక్క పోరు పడలేక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. షుగరు మూడొందలు దాటింది. కళ్ళ మసక దానివల్లేనంది.

"తీపి ముట్టనండీ, ఎలా వచ్చింది?" అన్నాడు బావ.

"పొట్ట పెరిగిందా?"

"అబ్బే! పదేళ్ళుగా ఇదే ప్యాంటు."

ఆమె ఆ పొట్ట వంక చూసి నవ్వింది. "అక్కడి కొవ్వు ఊరికే కూర్చోదండీ. హార్మోన్లు తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అడిపోనెక్టిన్ అని ఒకటుంది, ఇన్సులిన్ పని సాగనిస్తుంది. పొట్ట పెరిగేకొద్దీ ఈ హార్మోను తగ్గిపోయి, షుగరు పెరుగుతుంది. 'ఇక చాలు, తినకు' అని చెప్పే లెప్టిన్ ఇంకోటి. అదెంత మొత్తుకున్నా మెదడు వినిపించుకోదు."

"దీని దుంపతెగ! కొవ్వు ఇన్ని కబుర్లు పంపుతుందా?" బావ పొట్టను కొత్త చుట్టాన్ని చూసినట్టు చూసుకున్నాడు. "మరి పొట్ట తగ్గితే ఆ మంచి హార్మోను మళ్ళీ పెరుగుతుందా?"

"చాలామందిలో పెరుగుతుంది."

ఇంటికి రాగానే అక్క ఆ ప్యాంటు తిరగేసి ఆయన ముందు పడేసింది. "పదేళ్ళుగా ఇదేనా? చూసుకోండి!"

వెనక అతుకు పక్కన, విప్పేసిన కుట్ల బెజ్జాలు నాలుగు వరసలు. బిగుతైనప్పుడల్లా లోపల వదిలిన గుడ్డలోంచి కాస్త వదులు చేసుకున్నాడు మహానుభావుడు. ఊరందరి నడుములూ కొలిచి, తన నడుముకు ఒక్కసారీ టేపు చుట్టలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది, ఎందుకంటే ఆ కుట్లు రెండుసార్లు విప్పిపెట్టింది నేనే.

బావ టేపు అక్క చేతికిచ్చాడు. "నువ్వే కొలువు. నేనైతే ఊపిరి బిగబడతాను."

మందులు, పొద్దున్నే నడక, కంచం దగ్గర అక్క కాపలా. ఏడు నెలలకు ప్యాంటు జారడం మొదలైంది. బావ తనే దారం ఎక్కించాడు, మొదటిసారికే. రెండు వరసలు లోపలికి కుట్టాడు. ఆనక కత్తెర తీసి, లోపల మిగిలిన గుడ్డను కత్తిరించి పారేశాడు.

"అయ్యయ్యో బావా! మళ్ళీ బిగుతైతే?"

"బిగుతైతే నాకు తెలియాలి కదరా," అన్నాడు.