నూనె గుడ్డల మూట

నిన్న మా తార్నాక ఇంట్లో పొగ లేపిందెవరో తెలుసా? యూనివర్సిటీలో ఏడేళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్న నేనే. నవ్వుదురు గానీ, ముందు వినండి.

మూడు నెలల పాపను తీసుకుని మా ఆవిడ ఇవాళ అంబర్‌పేట పుట్టింటి నుంచి వస్తోంది కదా. చిన్నప్పుడు నన్ను ఊపిన టేకు ఉయ్యాలలోనే పాపను వేయాలని అమ్మ పట్టు. అటక మీంచి దించాం. నిన్న పొద్దున్నే టర్పెంటైన్‌తో తుడిచి, నా పాత ధోతి చింపి, ఆ గుడ్డలతో అవిసె నూనె పట్టించాను.

నాకు జాగ్రత్త ఎక్కువ. వంట త్వరగా కానిచ్చి స్టవ్ ఆర్పించాను. అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాను. ఇల్లు నీట్‌గా ఉండాలని నూనె గుడ్డలన్నీ గట్టిగా మూటగట్టి ఉయ్యాల కింద పెట్టాను.

సాయంత్రం అమ్మ వంటింట్లో దేవుడి దగ్గర దీపం పెట్టబోయింది. అడ్డం పడ్డాను.

"రేపు ఆడపిల్ల ఇంటికొస్తున్నది. దీపం లేకుంటే ఎట్ల కొడుకా?"

"ఒక్క పూట ఊకో అమ్మా. టర్పెంటైన్ ఆవిరికి అంటుకుంటే ఉయ్యాల దక్కదు."

అమ్మ చీకట్లోనే దండం పెట్టుకుంది. నాకు మనసు చివుక్కుమంది. అయినా సైన్స్ సైన్సే అనుకున్నాను.

అరగంట కాలేదు, అమ్మ గొంతు. "ఏందో కమురు వాసనొస్తున్నది. నేనైతే దీపం పెట్టలే బిడ్డా."

వెళ్లి చూస్తే ఉయ్యాల కింద మూటలోంచి పొగ. నేను కొయ్యబారిపోయాను. అమ్మే పట్టుకారుతో మూట లాగి, వాకిట్లో నీళ్ల బకెట్లో ముంచింది. ఉయ్యాల అడుగున అరచేతంత నల్ల మచ్చ పడింది.

"దీనికి అగ్గి ఎవరు పెట్టిండ్రు?"

"ఎవరూ పెట్టలే అమ్మా. ఈ నూనె ఆరుతుంటే వేడి పుడుతది. మూటగడితే ఆ వేడి బయటికి పోదు, దానంతటదే అంటుకుంటది. గుడ్డలు విడివిడిగా బయట ఆరేయాలె."

"గిది నీకు ఇప్పుడే ఎరుకైందా?"

"లేదు. ఏటా క్లాసుల చెప్తా."

అమ్మ చేయి చాపింది. అగ్గిపెట్టె ఇచ్చేశాను. దీపం వెలిగించి, వచ్చి నా చేతికి అంటిన నూనె తన కొంగుతో తుడిచింది.

"రేపు పిల్లను గుడ్డల్ల చుట్టుడు నేను చూసుకుంట," అంది. "నువ్వు మాత్రం ఏదీ మూటగట్టకు."