కదలని ఫ్లోట్

2008 మార్చి 11, మంగళవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు మల్లాపూర్‌లోని మా మందుల కర్మాగారంలో ట్యాంకర్ నుంచి టోలూయిన్ అనే ద్రావకాన్ని దింపడం మొదలైంది. నేను అక్కడ ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో సీనియర్ ఇంజనీరును.

నిల్వ ట్యాంకు పక్కన నిలువుగా ఒక స్టీలు గొట్టం ఉండేది. అందులో అయస్కాంతం బిగించిన ఫ్లోట్ ద్రవంతోపాటు పైకి లేస్తుంది. పై గుర్తు చేరగానే గొట్టం బయటి స్విచ్ పనిచేసి పంపు ఆగిపోతుంది. ట్యాంకులోకి ద్రవం తెచ్చే పాత ఇనుప పైపు లైనులోని తుప్పు పొడి ఆ అయస్కాంతానికి పట్టి ఫ్లోట్ తరచుగా ఇరుక్కునేది. లైను మార్చాలని అడిగినప్పుడల్లా, ఉత్పత్తి ఆపడం కుదరదని ప్లాంట్ మేనేజర్ తిప్పి పంపేవారు. దాంతో ఆపరేటర్లు పాడైన స్పీకరులోని అయస్కాంతాన్ని గొట్టం మీద జరుపుతూ ఫ్లోట్‌ను పైకి లాగడం అలవాటు చేసుకున్నారు.

ఆనాడూ ఫ్లోట్ సగంలో ఆగింది. నాచారంలో కాపురముంటున్న ఆపరేటర్ సాయిలు అయస్కాంతం తెచ్చి గొట్టం మీద జరిపాడు.

"మా మామ లెక్కనే సార్ ఇది. గుంజితేగాని లేవది" అన్నాడు.

పని కాగానే అయస్కాంతం తీసెయ్యమని చెప్పి నేను కంట్రోల్ రూముకు వెళ్లాను. అంతలో ట్యాంకర్ డ్రైవర్ పిలిచాడట: "సాయిలన్నా, జాయింట్ కారుతుంది, జర రా." సాయిలు అయస్కాంతాన్ని గొట్టానికే అంటించి వెళ్లాడు. అది ఫ్లోట్‌ను పై గుర్తుకు కిందనే పట్టి ఉంచింది. ట్యాంకు నిండింది, పంపు ఆగలేదు. టోలూయిన్ పైనుంచి పొర్లి, ట్యాంకు చుట్టూ గోడ కట్టిన గుంతలో చేరింది. ట్యాంకులోకి ద్రవం రాకుండా మూసే వాల్వు ఆ గుంతలోనే ఉంది. సాయిలు దిగి దాన్ని మూశాడు, కాని ఆ ఆవిరికి స్పృహ తప్పి అక్కడే పడిపోయాడు. గాలి అందించే ముసుగులు తగిలించుకుని ఇద్దరు దిగి అతన్ని పైకి తెచ్చారు. దవాఖానా చేరేలోపు ప్రాణం పోయింది.

మర్నాడు విచారణలో అందరి ముందు, గొట్టానికి ఇంకా అంటుకునే ఉన్న ఆ అయస్కాంతాన్ని తీశాను. ఫ్లోట్ లేచింది, స్విచ్ పనిచేసింది. సాయిలు బామ్మర్ది నన్ను పక్కకు పిలిచాడు.

"గట్లయితే తప్పు మా బావదేనా సార్?"

అయస్కాంతం పెట్టింది అతనేనని, దాని అవసరం తెచ్చింది తుప్పు లైనని చెప్పాను. నివేదికలోనూ రెండూ రాశాను. రెండోది తీసేయమని మేనేజర్ అడిగారు. తీయలేదు.

రోజూ చేత్తో కదిలించవలసిన పరికరం చెడిపోయినట్టే లెక్క. దాన్ని నమ్మి పంపు నడపకూడదు.

పోయినవి: సాయిలు ప్రాణం, గుంతలోకి పొర్లిన టోలూయిన్. మిగిలినవి: ట్యాంకు, పంపు, స్విచ్. లైను ఆ నెలలోనే మార్చారు.